ఏడవాల్సిన చోట నవ్వొచ్చే కథలు

చావింట్లో నవ్వు వినబడితే పట్నం నుంచి వచ్చిన చుట్టాలు ముఖం చిట్లిస్తారు. ఊళ్ళోవాళ్ళకి అందులో వింతేమీ లేదు. ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, ఇటు బరంపురం చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఊళ్ళలో పోయినవాళ్ళ గురించి రాత్రిళ్ళు అరుగుల మీద చెప్పుకునే కథలు వింటే నవ్వాపుకోలేం. తండ్రి పెద్దదినం భోజనాలకి అప్పు చేసి, ఆ అప్పు టెన్షన్‌తో మంచం పట్టి, తన దినానికి ఎంతవుతుందో ముందే లెక్క కట్టుకున్నవాడి కథ. వరదలో కొట్టుకొచ్చిన ఎద్దు మాదంటే మాదని రెండు ఊళ్ళు తన్నుకుని, తీరా ఎద్దు చచ్చాక పాతిపెట్టే ఖర్చు మీదంటే మీదని మళ్ళీ తన్నుకున్న కథ. ఇలాంటివి.

వీటిని విన్న బయటివాళ్ళు రెండు రకాలుగా పొరబడతారు. పల్లె జనానికి కష్టాలు పడీ పడీ మనసు మొద్దుబారిపోయిందని కొందరు అనుకుంటారు. పాపం అమాయకులు, ఏడవడం తెలియక నవ్వుతున్నారని ఇంకొందరు జాలిపడతారు. రెండూ తప్పేనని నా గట్టి అభిప్రాయం. ఈ కథల్లో నవ్వంతా లెక్కలోంచి వస్తుంది. కథలో ప్రతి మనిషీ తన పని తాను సక్రమంగానే చేస్తాడు. ఏ మెట్టు దగ్గర ఆగి చూసినా న్యాయం తప్పినట్టు కనబడదు. అన్ని మెట్లూ ఎక్కాక చేరేది మాత్రం ఘోరమైన చోటికి. మధ్యలో తప్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించలేని ఆ స్థితిలోనే వినేవాడికి నవ్వు తన్నుకొస్తుంది.

దీనికి మన దగ్గర పాత ఉదాహరణే ఉంది, కాకపోతే దాన్ని మనం నవ్వు కథల లెక్కలో ఎప్పుడూ వెయ్యలేదు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను. కొడుకు శవాన్ని మోసుకొచ్చిన ఆడమనిషిని కాటికాపరి సుంకం అడుగుతాడు. ఆమె తన భార్యేనని, ఆ బిడ్డ తన బిడ్డేనని తెలిశాక కూడా అడుగుతాడు. సుంకం యజమానిది, వదిలేసే హక్కు తనకి లేదు. ధర్మం ప్రకారం అతను చేసింది అక్షరాలా సరైనదే. ఆ సీనులో జాషువా శ్మశాన పద్యాలకి వన్స్‌మోర్ కొట్టి కళ్ళు తుడుచుకున్న జనమే, కాటి యజమాని వీరబాహుడు తాగి తూలుతూ రాగానే పడీ పడీ నవ్వుతారు. ఒకే కాడు, ఒకే రాత్రి, అవే కళ్ళు. బుర్రకథలో హాస్యం చెప్పే వంతగాడు కూడా వీరుడు నేలకొరిగే ఘట్టం అంచు దాకా జనాన్ని నవ్విస్తూనే తీసుకెళతాడు. దహనానికి డబ్బులేని కుటుంబాలకి ఒడిశా ప్రభుత్వం ఇచ్చే సాయం పేరు హరిశ్చంద్ర సహాయత యోజన. పల్లెల్లో 2,000 రూపాయలు. ఆ డబ్బు కోసం తిరిగిన కథ చెప్పేటప్పుడు కాటి సీను పద్యం ఒక ముక్క పాడకపోతే కథ నిండినట్టుండదు.

ఊరికే సిద్ధాంతం చెబితే లాభం లేదు గనక ఒక కథ అల్లి చూద్దాం. మనుషులు కల్పితం. తుపాను, నిబంధనలు, పరిహారం అంకెలు నిజం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటింది. పక్కనే ఒడిశాలోని గజపతి జిల్లాలో వాగులు పొంగాయి, కొండచరియలు విరిగిపడి జనం పోయారు. నీళ్ళు తీశాక ఇళ్ళ నష్టం రాసుకునేవాళ్ళు ఊళ్ళలోకి వచ్చారు. అప్పటి కేంద్ర నిబంధనల ప్రకారం ఇల్లు పూర్తిగా గానీ తీవ్రంగా గానీ దెబ్బతింటే కొండ ప్రాంతాల్లో 1,01,900 రూపాయలు, మైదానంలో 95,100. మట్టి ఇల్లు కొంతవరకే పాడైతే 3,200. ఈ అంకెల మధ్య ఉన్న దూరంలో మన కథ నడుస్తుంది.

ఒక ముసలమ్మ. ఇంటి ముందుగోడ పడిపోయింది, తూర్పు గోడ పడిపోయింది, పెంకులు సగం ఎగిరిపోయాయి. వెనక గోడ మాత్రం బీటలు తీసి, ఒక పక్కకి ఒరిగి, అయినా నిలబడింది. ఆ గోడ గూట్లోనే ఆవిడ రోజూ దీపం పెడుతుంది. రాసుకోవడానికి వచ్చిన కుర్రాడు మంచివాడు. టేపు పెట్టి కొలిచాడు, ఫొటో తీశాడు, మిగిలిన గోడని ఒకటికి రెండుసార్లు చూసి ‘కొంత’ అన్న గడిలో టిక్కు పెట్టాడు. నిలబడ్డ గోడని పడిపోయిందని రాస్తే అతని ఉద్యోగానికి ఎసరు. వార్డు మెంబరూ మంచివాడే. “పెద్దమ్మా, ఆ గోడ పడగొట్టించెయ్. జాబితా మూసేలోపు ఇంకోసారి వస్తారు, నేను మాట్లాడతాను” అన్నాడు. సూరత్‌లో మరమగ్గం మీద పనిచేసే కొడుకు ఫోన్ చేసి అదే మాట అన్నాడు. “ఆ గోడ తోసెయ్యే అమ్మా.”

మేస్త్రీ వచ్చి చూశాడు. గోడ కూలగొట్టి మట్టి పక్కకి లాగడానికి 400 అడిగాడు. తుపాను వెళ్ళాక మేస్త్రీకి ఊపిరి సలపనంత పని ఉంది, 400 ఎక్కువేం కాదు. ముసలమ్మ దగ్గర 400 లేవు.

“గోడ పడితే డబ్బులొస్తాయి కదా, అప్పుడిస్తాను.”

“రాకపోతే?”

“రాకపోతే మళ్ళీ కట్టీసీ.”

బేరం తెగలేదు. ఆవిడ రాత్రిళ్ళు ఆ గోడ వారనే పడుకుంది, చలిగాలిని ఆపుతున్నది అదొక్కటే. జాబితా మూసేశారు. మర్నాడు గోడ దానంతటదే పడిపోయింది. ఆవిడ కాగితం రాయించుకుని ఆఫీసుకి వెళ్ళింది. ఆఫీసరు కుర్చీ చూపించాడు, ఓపిగ్గా విన్నాడు. తుపాను వచ్చింది 11న, నీ గోడ పడింది నెలాఖరున, కాబట్టి ఇది తుపాను నష్టం కిందకి రాదని కసురుకోకుండానే వివరించాడు.

“తుపాను ఎలిపోయినాదని ఆ గోడకి ఎవులు సెప్పినారు బాబూ?” అంది ముసలమ్మ.

ఇప్పుడు ఈ కథ విప్పి చూడండి. ఇందులో దుర్మార్గుడు లేడు. రాసుకునే కుర్రాడు లంచం అడిగి ఉంటే కథ వేరే అయిపోయేది. మనకి కోపం వచ్చేది, కోపం వచ్చాక మనసు తేలికపడేది, దోషి దొరికాడు గనక మనం హాయిగా ఇంటికి పోయేవాళ్ళం. ఇక్కడ అందరూ మంచివాళ్ళే కావడం వల్ల ఎటూ పోలేం. కుర్రాడి స్థానంలో మనమున్నా అదే గడిలో టిక్కు పెడతాం. చాలామంది కొత్త రచయితలు ఈ చోటే తడబడతారు. జాలి పుట్టించాలన్న తొందరలో ఆఫీసరు చేత ముసలమ్మని గెంటించేస్తారు. ఆ ఒక్క గెంటుతో కథ పోతుంది.

తర్వాత అంకెలు. 1,01,900కీ 3,200కీ మధ్య నిలబడింది 400. ఆ 400 దొరకకపోవడమే కథకి ఇరుసు. ‘కొంత డబ్బు’, ‘పెద్ద మొత్తం’ అని రాసి ఉంటే నవ్వూ రాదు, బాధా తెలియదు. పల్లెలో కథ చెప్పేవాళ్ళు అంకె ఎప్పుడూ వదలరు. ఎన్ని కుంచాల బియ్యం, దినానికి ఎన్ని విస్తళ్ళు, అప్పు ఎంత, వడ్డీ నూటికి ఎంత, ఇవన్నీ చెప్పాకే కథలోకి దిగుతారు. పట్నంలో చదువుకుని కథలు రాసేవాళ్ళు ఈ వివరాలని దాటేసి నేరుగా మనసులోకి వెళ్ళిపోవాలని చూస్తారు. మనసు ఆ వడ్డీ దగ్గరే ఉంటుంది.

ముగింపు సంగతి ఇంకా ముఖ్యం. గోడ ముసలమ్మ మీద పడి ఆవిడ చచ్చిపోయినట్టు రాయాలని చెయ్యి దురద పుడుతుంది. రాస్తే కథ బరువెక్కినట్టు కనిపిస్తుంది, నిజానికి చవకబడుతుంది. అప్పటిదాకా నవ్విన పాఠకుడికి చెంపదెబ్బ కొట్టినట్టవుతుంది తప్ప అతనికి కొత్తగా తెలిసేది ఉండదు. అన్నిటికీ మించి, చచ్చిపోయిన మనిషి ఆ చివరి ప్రశ్న వెయ్యలేదు. ఈ తరహా కథలో ఆఖరి మాట దెబ్బతిన్న మనిషి నోటి నుంచే రావాలి. నా దృష్టిలో ఇది నియమం.

ఇక గొంతు విషయం. చావు కబురు చల్లగా చెప్పడమంటామే, ఈ కథలకి ఆ చల్లదనమే కావాలి. కథకుడు తాను ఏడవకూడదు, తాను నవ్వకూడదు. ఒడియాలో దీన్ని పరాకాష్ఠకి తీసుకెళ్ళినవాడు ఫకీర్ మోహన్ సేనాపతి. ఆయన నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’ 1897 నుంచి 1899 దాకా పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఒడియా మీడియంలో చదువుకున్న మా వైపు తెలుగు పిల్లలకి ఆయన పేరు బళ్ళోనే పరిచయమవుతుంది. అందులో జమీందారు రామచంద్ర మంగరాజు ఏకాదశి ఉపవాసం తప్పని భక్తుడు. ఆ రాత్రి అతని గదిలో పాలు, అరటిపళ్ళు పెడతారు. తెల్లారేసరికి గిన్నె ఖాళీ. కథకుడు వకీలు పెట్టి వాదించినట్టు మంగరాజు వైపే మాట్లాడతాడు. తింటుండగా చూసినవాళ్ళెవరు? చూడకుండా చెప్పిన మాట సాక్ష్యం ఎలా అవుతుంది? ఇలా పొగుడుతూనే, భగియా, సారియా అనే నేతగాళ్ళ దంపతుల ఆరెకరాల పైచిలుకు పొలం ఎలా జారిపోయిందో చెప్పుకొస్తాడు. పిల్లల్లేని సారియాకి అమ్మవారి గుడి కట్టిస్తే కడుపు పండుతుందని నమ్మిస్తారు. గుడికి అప్పు కావాలి, అప్పుకి పొలం తాకట్టు కావాలి. మంగరాజు నిజంగానే దుర్మార్గుడు, గోడ కథలోలాగా ఇక్కడ అందరూ మంచివాళ్ళు కారు. కానీ పొలం పోయేటప్పుడు బలవంతంగా లాక్కున్నది ఎవరూ లేరు. భక్తి, అప్పు, కాగితం, అన్నీ వాటి వరసలో అవి జరిగిపోయాయి.

ఆ చల్లదనం నోటి భాషలోనే సాధ్యం. ముసలమ్మ ప్రశ్నని గ్రాంథికంలో రాసి చూడండి, ఊపిరి ఆగిపోతుంది. ఈ కథలు అచ్చులోకి రాగలిగాయంటే అందులో పర్లాకిమిడి చలవ చాలా ఉంది. గిడుగు రామమూర్తి పంతులు ఆ ఊళ్ళో పాఠాలు చెబుతూనే వాడుకభాష కోసం పోరాడారు, ఆ కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని 1931లో దాని వ్యాకరణం వెలువరించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిపోయినా ఆయన పట్టుబట్టిన భాష ఊళ్ళో మిగిలింది.

పక్కనే ఉన్న విజయనగరం, శ్రీకాకుళం కథకులు ఆ భాషతో ఎంత దూరం వెళ్ళారో చూడాలంటే రెండు కథలు చాలు. చాసో ‘ఎంపు’లో బిచ్చగాళ్ళ పెళ్ళి సంబంధం. కూతురికి కుంటివాడి మీద మనసు. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు, గుడ్డివాడికైతే ముష్టి బాగా పడుతుంది. తండ్రి ప్రేమ లేనివాడు కాదు. ఏ తండ్రయినా అల్లుడి సంపాదన చూస్తాడు, ఇతనూ అదే చూశాడు. నవ్వు అక్కడ మొదలై గొంతులో ఇరుక్కుంటుంది. 1964 నాటి కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో నవ్వు లేదు గానీ ఎముకల గూడు అదే. బాకీ మీద పంచాయితీ, నీతి తప్పని ఊరిపెద్ద, ఒక్కొక్కటిగా తేలిపోయే న్యాయమైన వాదనలు. అన్నీ సక్రమంగా తేలాక, తన బిడ్డ బానిసగా బతకకూడదని తండ్రే ఆ బిడ్డని చంపి తెచ్చి పంచాయితీ ముందు పెడతాడు. ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చదివితే చీకటి నవ్వుకీ శుద్ధ విషాదానికీ మధ్య గోడ ఎంత పల్చనో తెలుస్తుంది.

అయితే పల్లెలో చెప్పే ప్రతి మోటు జోకూ ఈ కోవలోకి రాదు. ఇది గట్టిగా చెప్పాల్సిన సంగతి. మైదానపు ఊళ్ళలో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఇద్దరూ చెప్పుకునే సవర జోకులు చాలా ఉన్నాయి. కొండ దిగొచ్చిన సవర మనిషికి తూకం తెలియదని, నోటు గుర్తుపట్టలేడని, సారా సీసాకి చింతపండు బస్తా ఇచ్చి వెళ్ళాడని. వాటిలో మోసపోయిన మనిషికి నోరుండదు. నవ్వేవాడు మోసం చేసినవాడి పక్కన నిలబడి నవ్వుతాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అలాగే చాకలి మీద, మంగలి మీద, డప్పు కొట్టే మనిషి మీద తరతరాలుగా నడుస్తున్న కథలు. నవ్వు తెప్పిస్తాయేమో గానీ అందులో చీకటిని చూసిన చూపు లేదు. ఇలాంటి కథ ఎదురైనప్పుడు నేను ఒక్కటే చూస్తాను. దెబ్బతిన్న మనిషికి కథలో అందరికంటే ఎక్కువ తెలుసా, తక్కువ తెలుసా? గోడ కథలో ముసలమ్మకి ఆఫీసరు కంటే ఎక్కువ తెలుసు. సవర జోకులో ఆ మనిషికి ఏమీ తెలియదని ముందే తీర్మానించేశారు.

నిజానికి చావు దగ్గర నవ్వడం గురించి సవరల దగ్గర మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది. 1970ల మధ్య నుంచి ఈ కొండల్లో సవర ఊళ్ళలో ఉండి వాళ్ళ భాష నేర్చుకున్న బ్రిటిష్ మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ వాళ్ళ చావు సంభాషణల గురించి వివరంగా రాశాడు. చనిపోయినవాళ్ళు పూజారిణి నోట మాట్లాడతారు. బతికున్నవాళ్ళు వాళ్ళతో ఏడుస్తారు, నిష్ఠూరాలాడతారు, మందు ఎందుకు తెప్పించలేదంటే తెప్పించామని వాదించుకుంటారు, వేళాకోళాలాడి నవ్వుకుంటారు. ఇది ఒక రోజుతో అయ్యే తంతు కాదు, ఏళ్ళ తరబడి సాగుతుంది. పోయినవాళ్ళకి జవాబు చెప్పే హక్కు ఇచ్చారు వాళ్ళు. తర్వాత చాలా ఊళ్ళు క్రైస్తవంలోకి వెళ్ళడంతో ఆ పద్ధతి తగ్గిపోయింది.

సరిహద్దు జిల్లాల్లో ఈ కథలకి ఇంత మేత ఎందుకు దొరుకుతుందంటే, ఇక్కడ కాగితం రెండింతలు. ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లాకి చెందిన లాల్ బిహారి 1975లో రికార్డుల్లో చచ్చిపోయాడు, 1994లో గానీ తిరిగి బతకలేదు. ఈలోగా తన లాంటివాళ్ళతో మృతుల సంఘం పెట్టాడు, బతికున్నానని చూపించడానికి ఎన్నికల్లో పోటీ చేశాడు, తన భార్యకి వితంతు పింఛను ఇమ్మని అడిగాడు. అది ఒక్క రాష్ట్రం కాగితంలో లేకుండా పోయినవాడి కథ. కొరాపుట్ జిల్లా కొటియా దగ్గర కథ తిరగబడుతుంది. అక్కడ 21 గ్రామాలు మావంటే మావని ఒడిశా, ఆంధ్ర రెండూ వాదించుకుంటున్నాయి. గొడవ 1968లోనే సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఆ ఊళ్ళలో మనుషులకి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు ఉన్నాయి. ఒకే మనిషి కాగితం మీద రెండుసార్లు బతికున్నాడు. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా, తెలంగాణ ఆసిఫాబాద్ జిల్లాల మధ్య 14 గ్రామాలదీ ఇదే పరిస్థితి. వాటిలో మహారాజగూడలో కొన్ని గదులు ఒక రాష్ట్రంలో, మిగతా గదులు ఇంకో రాష్ట్రంలో ఉన్న ఇల్లుంది.

రెండుసార్లు బతికున్న మనిషి పోతే ఎన్నిసార్లు పోవాలి? ఏ పంచాయతీ మరణ పత్రం ఇస్తుంది, రెండోది అతను ఇంకా ఉన్నాడని ఎన్నాళ్ళు అనుకుంటుంది? వివాదం లేని ఊళ్ళలో కూడా సరిహద్దు తన లెక్క తాను వేస్తుంది. ఆంధ్ర వైపు పాతపట్నంలో 2024 జూలై నుంచి ముసలివాళ్ళకి నెలకి 4,000 పింఛను, ఒకటో తారీఖున ఇంటికొచ్చి ఇస్తున్నారు. పక్కనే పర్లాకిమిడిలో అదే ఏడాది ఒడిశా ప్రభుత్వపు మధుబాబు పింఛను 80 ఏళ్ళ లోపువాళ్ళకి 1,000 రూపాయలు, 15న ఇచ్చేవాళ్ళు. ఒకే తల్లి పిల్లలు, అక్క అటు, చెల్లి ఇటు. ఇద్దరి వయసూ ఒకటి రెండేళ్ళ తేడా, ఇద్దరి మోకాళ్ళ నొప్పులూ ఒకటే. ప్రభుత్వాలు రెండూ తమ తమ నిబంధనల ప్రకారమే ఇస్తున్నాయి. చెల్లెలి ఇంటికి వచ్చిన అక్క ఆ 1,000 చూసి ఏమంటుందో, చెల్లెలు తిరిగి ఏమంటుందో, ఆ మాటల కోసం కథ రాసేవాడు చెవులు రిక్కించి కూర్చోవాలి.

ఇక్కడ నాకు నిజంగా దిగులు కలిగించే సంగతొకటుంది. ఈ కథలు తెలిసిన వాళ్ళు పెద్దవాళ్ళు. వినే పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో రాస్తారు. తెలుగు అక్షరాలు రానివాళ్ళు చాలామంది. అందువల్ల కథ నోట్లోనే ఉండిపోతోంది, చెప్పేవాళ్ళతో పాటే పోతోంది. తెలుగు లిపి వచ్చాకే రాయాలని ఆగొద్దని ఆ పిల్లలకి నా విన్నపం. మన తెలుగు మాటని ఒడియా అక్షరాల్లో రాసినా పరవాలేదు, లిపి మార్చడం తర్వాత ఎవరైనా చేస్తారు. అమ్మమ్మ చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసినా మంచిదే. రాసేటప్పుడు కథని శుభ్రం చెయ్యకండి, ‘ఎవులు’ అన్నచోట ‘ఎవరు’ అని దిద్దకండి. అప్పు ఎంత, వడ్డీ ఎంత, మేస్త్రీ ఎంత అడిగాడు, కాగితం ఏ తారీఖున పెట్టారు, ఏ ఆఫీసుకి ఏ బస్సెక్కి వెళ్ళారు, ఇవన్నీ అడిగి మరీ రాసుకోండి. ఆవిడకి అంకె గుర్తులేకపోతే పక్కింటావిణ్ణి పిలవండి. వాళ్ళిద్దరూ ఆ అంకె దగ్గర తగువు పడితే ఆ తగువు కూడా రాయండి.